ఒక్క బటన్

"అక్కా, ఒక్కొక్క డ్రాయింగ్ తెరిచి పీడీఎఫ్ చేసుడేంది? పొద్దటిసంది కండ్లు గుంజుతున్నయ్. ఒక్క బటన్ నొక్కితే గీ బొగ్గు మోసే బెల్టు డ్రాయింగులన్నీ విడివిడి ఫైళ్లయితయ్. సార్‌కు చూపిస్త," అన్నాడు డ్రాయింగ్ ఆఫీసులో కొత్తగా చేరిన రంజిత్.

మమతారాణి మౌస్ వదల్లేదు. "నాకెరికే తమ్మీ. పోయినేడు నేనే చూపించిన."

"ఏమన్నడు?"

"శభాష్ అన్నడు. తెల్లారే పద్మలతను రావొద్దన్నడు. నువ్వు కూసున్నది ఆమె కుర్చీలనే."

"మరి నన్నెందుకు తీసుకున్నడు?"

"కంప్యూటర్లు మారినంక, గా బటన్ పనిచేస్తలేదని చెప్పిన. అబద్ధమే."

లోపలి గదిలోంచి సార్ కేకేశాడు. "ఇంకెంతసేపురా?"

రంజిత్ మండుతున్న కళ్లు తుడుచుకుని ఇంకో డ్రాయింగ్ తెరిచాడు.

"సాయంత్రమైతది సార్. ఒక్కొక్కటే చెయ్యాలె."