ముందు సి నేర్చుకో

శనివారంలోగా డ్యూటీ చార్టు వేసే ప్రోగ్రాం నడవాలి. నడిస్తే బస్సు డిపో కంప్యూటర్ గదిలో ఆమె ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్లీ టికెట్ కౌంటరే. ఇవాళ గురువారం. స్క్రీను మీద తప్పుల జాబితా తప్ప ఇంకేమీ లేదు.

మూడు నెలల క్రితం ఆమెకు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అంటే ఏమిటో తెలియదు. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క సీనియర్, డిపో అంతా బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి, కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అందరూ పైథాన్ భాషతో మొదలుపెట్టమంటున్నారు బాబాయ్," అందామె.

"అది పిల్లలాటమ్మా. ముందు సి నేర్చుకో. పునాది గట్టిగా ఉండాలి."

పునాది అంటే ఎవరైనా తలూపాల్సిందే. ఆమె ఊపింది. మూడు నెలలూ పునాదే తవ్వింది.

ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్ కూడా మౌసు పనిచేయనిదే ఇచ్చాడు. దాంట్లోంచి బయటపడటం ఎలాగో తెలుసుకోవడానికే ఆమెకు ఒక పూట పట్టింది. నెల తిరక్కుండానే "ఈ రకం లినక్స్ మంచిది కాదు, ఇంకోటి వేద్దాం" అన్నాడు. అలా మూడుసార్లు వేయించాడు. వేసిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటికొచ్చేది. అయినా విసుక్కోకుండా పక్కనే కూర్చుని టీ తెప్పించేవాడు. ఇంత మంచి గురువు దొరకడం తన అదృష్టమని ఆమె ఇంట్లో అమ్మకు చెప్పుకుంది.

రిపేరులో ఉన్న బస్సుల జాబితా కోసం మధ్యాహ్నం షెడ్డుకి వెళ్లింది. మెకానిక్ పాత కంప్యూటర్‌లో, ఏ బస్సుకు ఎప్పుడు ఆయిల్ మార్చాలో చెప్పే ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. ముప్పై లైన్లు. పైథాన్.

"ఎన్నాళ్లు పట్టింది అన్నా?"

"రెండు వారాలు. కొత్తవాళ్లకి ఇదే తేలికని బాబాయే పోయినేడాది కూర్చోబెట్టి నేర్పాడు. మామూలు ఎడిటర్ చాలన్నాడు. ఏదో ఒక లినక్స్ వేసుకుని ఇక దాన్ని కదపొద్దన్నాడు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. కంప్యూటర్ గది మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

"అతనికి నేర్పినట్టు నాకెందుకు నేర్పలేదు బాబాయ్? సొంత మనిషి అనుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోశారు కదా."

ఆయన బుకాయించలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చేరిన రోజే నాకు చెప్పారమ్మా, నీ ప్రోగ్రాం నడిచిన మర్నాటి నుంచి నన్ను పనిలోకి రావద్దని."