అత్తమ్మ బొమ్మల వంట

పొద్దుటి నుంచి ఒకటే నంబరు.

స్పందన కట్ చేస్తుంది, అది మళ్లీ మోగుతుంది. పేరు లేని నంబరు. ఎత్తడానికి ధైర్యం చాలలేదు. చివరికి బ్లాక్ చేసి పారేసింది.

బ్రూక్‌ఫీల్డ్‌లో ఆ ఫ్లాట్‌లో ఆమె ఒక్కతే. తోడుగా ఉన్న పల్లవి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఉద్యోగం ఇంటి నుంచే. తిండి మాత్రం అత్తమ్మ దయ.

అత్తమ్మ అంటే నిజం అత్తమ్మ కాదు, ఫోన్‌లో వచ్చే బొమ్మల కథ. ముక్కుపుడక, బొడ్లో దోపిన చెంగు, చేతిలో గరిటె. ప్రతి శుక్రవారం పీట మీద కూర్చుని కోడలికి ఒక వంట నేర్పుతుంది. ఒక్కో గడిలో ఒక్కో పని. చింతపండు ఎంత నానబెట్టాలో గుప్పిట గీసి చూపిస్తుంది. కోడలు పోపు మాడ్చిందా, నెత్తిన మొట్టికాయ!

అన్నం వార్చడం కూడా రాని స్పందన ఆ గడులు చూసుకుంటూ పప్పుచారు దాకా వచ్చేసింది. మొన్న పులిహోర కలిపి, పొయ్యి పక్కనే పెట్టి ఫోటో తీసి అత్తమ్మకు పంపింది. "భేష్ పిల్లా! అడ్రసు రాయి, నా పుస్తకం పంపిస్తా" అని జవాబు వచ్చింది. వెంటనే అడ్రసూ ఫోన్ నంబరూ రాసి పంపింది. గీసే ఆవిడ ఎవరో, ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆవిడ మెచ్చుకునేసరికి ఆ రోజంతా స్పందన కాలు నేల మీద నిలవలేదు.

మధ్యాహ్నం వంట మొదలు పెట్టబోతుంటే తలుపు గంట మోగింది.

గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచింది.

ఎవరో ముసలాయన. బట్టతల. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడేమో, రొప్పుతున్నాడు.

"ఒంటిగా ఉండావా తల్లీ?"

స్పందన తలుపు అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎవరండీ మీరు?"

ఆయన తడబడ్డాడు. అటూ ఇటూ చూశాడు.

"గ్యాసు... గ్యాసోళ్లు పంపినారమ్మా. ట్యూబు చూడల్ల."

గ్యాసు పేరు చెప్పి ఇళ్లలోకి దూరుతున్నారు, ఒంటరి ఆడవాళ్లు జాగ్రత్త అని పోయిన వారమే అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది.

"ఐడీ కార్డ్ చూపించండి."

"కార్డు లేదమ్మా."

"అయితే వెళ్లిపోండి. నేనేం కంప్లైంట్ ఇవ్వలేదు."

"పోతాను తల్లీ. పొయ్యి మాత్రం అంటించొద్దు. నీ ట్యూబు బర్నరు కింద నుంచి పోతా ఉండాది. వేడికి కాలిపోయుండాది. ఆ ఎర్ర డబ్బా పక్కకు జరిపి చూడు."

స్పందనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

గడప దాటని మనిషికి తన వంటింట్లో ఎర్ర డబ్బా ఉందని ఎలా తెలిసింది? ఎక్కడి నుంచి చూస్తున్నాడు? ఎన్నాళ్లుగా? పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నదీ వీడేనా?

"సెక్యూరిటీ!" అని అరవబోయింది.

"భయపడొద్దు తల్లీ, స్వల్ప విను..." అంటూ ఆయన సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి వంటింటి వైపు చూపించబోయాడు.

ఆ చెయ్యి కనపడగానే ఆమెకు ఒళ్లు తెలియలేదు. ఉన్న బలమంతా పెట్టి తలుపు తోసేసింది.

ఏదో నలిగిన చప్పుడు. అవతల ఒక్క కేక.

ఈసారి స్పందన గట్టిగా అరిచింది. ఆ అరుపులకు వాచ్‌మన్ మునిరాజు పరుగెత్తుకొచ్చాడు.

"ముసలోడివి, సిగ్గు లేదా నీకు? ఆడపిల్ల ఉండే ఇంటికా వచ్చేది?"

కాలరు పట్టి కిందికి ఈడ్చుకుపోతున్న చప్పుడు వింటూ స్పందన తలుపుకు వీపు ఆనించి కూలబడింది.

కాసేపటికి మునిరాజు ఫోన్ చేశాడు.

"పంపించేసినా మేడం. పోలీసుల్ని పిలుస్తానంటే, పిలుచుకో అప్పా, ముందు ఆ పాప పొయ్యి అంటించకుండా చూడు అంటాడు. వేళ్లు చితికి రక్తం కారతా ఉన్నా అదే మాట. పిచ్చోడేమో!"

స్పందన లేచి వంటింట్లోకి వెళ్లింది. భయంభయంగా ఎర్ర డబ్బా జరిపింది.

ట్యూబు నల్లగా కాలి, నోరు తెరుచుకుని ఉంది. రెగ్యులేటరు తిప్పి అగ్గి వెలిగించడమే తరువాయి.

అప్పటిదాకా ఉన్న భయం ఒక ఎత్తు, ఇప్పుడు పట్టుకున్నది ఒక ఎత్తు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరుగెత్తింది.

"ఎటు వెళ్లాడు మునిరాజూ?"

"కాడుగోడి బస్సు ఎక్కినట్టుండాడు మేడం."

"పేరేమైనా చెప్పాడా?"

"నేనే అడగలేదు."

ఆ శుక్రవారం అత్తమ్మ రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. స్పందన కొత్త ట్యూబు వేయించుకుంది గానీ, తలుపు సందు చూసినప్పుడల్లా ఆ చెయ్యే గుర్తొచ్చేది. వండుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఫోన్‌లో అత్తమ్మ బొమ్మలు వచ్చాయి. గీతలన్నీ వంకరటింకరగా ఉన్నాయి. వంట పేరు ఉండే చోట, "ఎడమ చేత్తో గీసినాను, సర్దుకోండి పిల్లలూ. ఈ వారం వంట లేదు, అందరూ మీ గ్యాసు ట్యూబు చూసుకోండి" అని ఉంది.

మొదటి గడిలో అత్తమ్మ ఒక పులిహోర ఫోటోను కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తోంది. ఫోటోలో ఎర్ర డబ్బా, దాని వెనక నుంచి కొంచెం కనిపిస్తున్న కాలిన ట్యూబు.

రెండో గడిలో ఫోన్ చేస్తోంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.

మూడో గడిలో గొలుసు వేసిన తలుపు ముందు నిలబడి, "నిజం చెప్తే నమ్ముతుందా?" అనుకుంటోంది.

స్పందన వేలు ఆ గడి మీదే ఆగింది. కిందికి జరపాలంటే భయమేసింది. అయినా జరిపింది.

చివరి గడిలో, ఎప్పుడూ అత్తమ్మ కూర్చునే పీట మీద, కుడి చేతికి కట్టుతో ఆ బట్టతల ముసలాయన కూర్చుని ఉన్నాడు.