పనిలేనోనికి క్లాక్ బంద్

"అల్లుడా, మళ్ల బంద్ అయిందిరా!"

సోఫా మీద పండుకున్న అంతయ్య కండ్లు తెరవకుంటనే ఒర్రిండు. హాల్ల ఫ్యాను మెల్లగ తిరిగి తిరిగి ఆగింది. అరుణ్‌కుమార్ లాప్‌టాప్ పట్టుకోని బెడ్‌రూంలకెళ్లి ఉరికచ్చిండు. మొఖం నిండ సంబురం.

"జర చెయ్యి ఊపు మామా!"

అంతయ్య ఈగలు కొట్టినట్టు చెయ్యి ఊపిండు. రెండు క్షణాలకు ఫ్యాను తిరిగింది.

"చూసినవా! నువ్వు కదలలే, చిప్పు ఆగింది. కదిలినవ్, లేచింది."

"నేను కునుకు తీస్తే నీ చిప్పుకేం కష్టం రా?"

"కష్టం గాదు మామా, పొదుపు. చిప్పుల క్లాక్ అని ఒకటి గుండెలెక్క కొట్టుకుంటనే ఉంటది. పనున్నా లేకున్నా కొట్టుకుంటది, కరెంటు తింటది. అందుకే పనిలేని బ్లాక్‌కు, అంటే చిప్పుల ఆ ముక్కకు, క్లాక్ బంద్ పెడుతం. దాన్ని తీసెయ్యం. ఉన్నకాడనే ఉంటది, అన్ని యాదికుంటయి. పని పడ్డప్పుడు మళ్ల క్లాక్ ఇస్తం."

"పనిపాట లేకుంట కూసోని తినేటోళ్లు గూడ ఉంటరా?"

"ఉంటరు మామా. చిప్పుల."

వంటింట్ల గిన్నె ఒకటి జర గట్టిగ కింద పడ్డది.

అంతయ్యది ఆదిలాబాద్. అక్కడ పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుల పని చేసేటోడు. పన్ను పీకిచ్చుకుంటనని రెండు దినాల కోసం కరీంనగర్‌ల మేనల్లుని ఇంటికి వచ్చిండు. పన్ను మొదటి దినమే ఊడింది. ఇయ్యాల ఇరవై రెండో దినం. 'ఎప్పుడు పోతవ్' అని చుట్టాన్ని అడుగుడు ఆ ఇంట్ల రివాజు లేదు. 'ఇంకో నాలుగు దినాలుండు' అని నవ్వుకుంట చెప్పి, లోపలికి పోయి పండ్లు కొరుకుడే రివాజు.

ఆ ఇంటికి వైరింగు చేసింది అరుణ్ మేనత్త కొడుకు హనుమండ్లు. సొంతోడు గదా అని ఎవ్వలు ఏమనలే. బాత్రూం బల్బు స్విచ్చు వరండల ఉంటది. వాకిట్ల లైటుది మంచం ఎనుక, హాలు ఫ్యానుది వంటింట్ల, వంటింటిది ఎక్కడున్నదో హనుమండ్లుకే తెల్వాలె. ఇప్పుడు ఆ పరేషాన్ లేదు. స్విచ్చులన్నీ ఆన్‌ల పెట్టి, అరుణ్ మనిషి కదలికను పసిగట్టే తన చిప్పు డబ్బను గోడకు బిగిచ్చిండు. ఏ రూంల మనిషి కదలకుంటే ఆ రూం బ్లాక్‌కు క్లాక్ ఆగుతది, ఫ్యాను ఆగుతది.

అరుణ్‌ది చిప్పుల కంపెనీల కొలువు. శుక్రారం పదకొండు గంటలకు డబ్బ పనిని మేనేజర్‌కు వీడియోల చూపియ్యాలె. మంచిగ నడిస్తే అరుణ్ టీం లీడు. నడువకుంటే ఇంట్లకెళ్లి పని చేసుడు బంద్, మళ్ల హైదరాబాద్‌ల కిరాయి రూము.

తిక్క ఏందంటే, తక్కిన మూడు రూములల్ల ఎవ్వలు లేకున్నా ఫ్యాన్లు గిర్రగిర్ర తిరుగుతనే ఉన్నయి. హాల్ల మాత్రం చిప్పు బంగారం. గురక మొదలైతే సాలు, ఆగుతది. నిన్న అంతయ్య రెండు చేతులు ఊపుకుంట, "బిడ్డా, మిర్చి బజ్జీలు ఎయ్యరాదూ" అని అడిగినప్పుడు గూడ ఆగింది. అది బగ్గు అని అరుణ్ రాసుకున్నడు.

"ఏందయ్యా, పెద్దమనిషి చెమటలకు నానవట్టె," అని మమతారాణి మొగన్ని తిట్టింది. "మీ మామనే గదా! నీ డబ్బ పాడుగాను." అంతయ్య చేతుల ఇసురుకర్ర పెట్టింది.

"కూతురంటే నువ్వు బిడ్డా," అని అంతయ్య కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు.

బేస్తారం నాడు, "రేపు పొద్దుగాల బస్సుకు పోత" అన్నడు. మమతారాణి ఉరికి పోయి ఆయిన సంచి తెచ్చి ముంగట పెట్టింది. బట్టలు అప్పటికే మడతపెట్టి ఉన్నయి.

అరుణ్ ఆయిన చేతులు పట్టుకున్నడు. "రేపొక్క దినం ఆగు మామా! నీ లెక్క కదలకుంట ఉండేటోడు నాకు ఏడ దొరుకుతడు?"

ఆ మాటకు అంతయ్య పొంగిపోయిండు. "గట్లనా? అయితే ఇంకో వారం ఉంట తియ్."

వంటింట్ల ఈసారి మూత పడ్డది.

శుక్రారం. లాప్‌టాప్‌ల మేనేజర్ మొఖం.

"తక్కిన రూములల్ల ఫ్యాన్లు తిరుగుతనే ఉన్నయేంది?"

"అండ్ల మనుషులు తిరుగుతున్నరు సార్."

అంతయ్య సోఫా ఎక్కిండు. నిమిషంల గురక. గురక ఎనుకనే ఫ్యాను ఆగింది. మేనేజర్ చప్పట్లు కొట్టిండు.

"ఇగ లేపు."

"మామా, చెయ్యి ఊపు!"

ఊపిండు. ఫ్యాను తిరుగలే.

"గట్టిగ మామా!"

రెండు చేతులు ఊపిండు. లేచి నిలవడ్డడు. ఇటు నడిచిండు, అటు నడిచిండు, అంగి పిండితే నీళ్లచ్చేటట్టయింది. ఫ్యాను బిగుసుకోని ఉన్నది. అరుణ్ డబ్బను రెండుసార్లు తట్టి చూసిండు.

"నీ చిప్పుకో దండం రా!" అంతయ్య సంచి భుజాన ఏసుకున్నడు. "జిన్నింగ్ మిల్లుల పత్తి మూటల నడుమ గూడ గింత ఉక్క లేదు. నేను పోతున్న."

"అయ్యో, అన్నమన్న తినిపో పెదబాపూ!" వంటింట్లకెళ్లి మమతారాణి గొంతు మాత్రం వచ్చింది.

ఆయిన చెప్పులేసుకోని గడప దాటిండు. ఫ్యాను జోరుగ తిరిగింది.

మేనేజర్ ముందుకు వంగిండు. "చెయ్యి ఊపితే లేవలే, పోతుంటే లేచిందేంది?"

"సార్... ఊకె చేతులు ఊపుడు పని గాదని దానికి ఎరుకైంది. నిజంగ పని మీద లేచినప్పుడే క్లాక్ ఇచ్చింది."

"అంటే, పని చేసేటోడెవలు, చేసినట్టు ఊపేటోడెవలు, అది గుర్తువడుతదా?"

"గుర్తువడుతది సార్."

"మన ఆఫీసుకు కావల్సింది గిదే! సోమారం డబ్బ పట్టుకరా, నాలుగు అంతస్తులకు పెడదాం. నువ్వే లీడు."

అరుణ్ ఎగిరి గంతేసిండు. బయట ఆటో సప్పుడు సందు దాటిపోయింది.

వంటింట్ల మమతారాణి హాలు ఫ్యాను స్విచ్చు మీదికెళ్లి వేలు తీసింది.