కత్తెర వైద్యం

"మావాడికి పిచ్చని అంటగట్టకండి మేడం!" సెలూన్ నడిపే తండ్రి కుర్చీలోంచి దిగ్గున లేచాడు. పక్కనే తొమ్మిదో తరగతి కొడుకు తల దించుకుని కూర్చున్నాడు.

"పిచ్చని నేననలేదండీ," అంది స్కూలు కౌన్సిలర్. "చదువు భయంతో తన జుట్టు తనే పీక్కుంటున్నాడు. తిడితే పోయేది కాదు. వారానికోసారి నా దగ్గరికి పంపండి, మాట్లాడుకుంటాం."

"ఆ సంగతి నాకు తెలీదా? జుట్టు మీదే బతికేవాణ్ణి! నెత్తిన అక్కడక్కడా బోడి కనబడగానే కూర్చోబెట్టి జీరో మిషను కొట్టేశా. వేళ్ళకి దొరికితేగా పీకడానికి? రోగం కుదిరింది. అయినా పోయింది వెంట్రుకలేగా మేడం, కొండలు కాదుగా!"

తన హాస్యానికి తనే నవ్వుకుని కొడుకు నున్నటి తల నిమిరాడు. వాడు ముడుచుకుపోయాడు.

కౌన్సిలర్ కుర్రాడి వైపు తిరిగింది. "ఒక్కసారి కళ్ళజోడు తియ్యి నాన్నా," అంది కుర్రాడితో.

వాడు తండ్రి వంక బెదురుగా చూసి తీశాడు.

కనురెప్పలకి ఒక్క వెంట్రుకా లేదు. అంచులు ఎర్రగా వాచి ఉన్నాయి.

ఊళ్ళో అందరి గడ్డాలూ పట్టుకుని మొహాలు అటూ ఇటూ తిప్పి చూసే మనిషి, కొడుకు గడ్డం పట్టుకోబోయి చెయ్యి మధ్యలోనే ఆపేశాడు.

"ఎప్పట్నుంచిరా?"

"నువ్వు మిషను కొట్టిన మర్నాటి నుంచి," అన్నాడు వాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ఏం చెయ్యను నాన్నా, తల మీద దొరకట్లేదు."