బుడంకాయ ఉడుం పట్టు

రండి, రండి, ముందుకు జరిగి కూర్చోండి. ఆ వెనకాల గుసగుసలాడే వదినగారూ, మీ కోడలి సంగతి తర్వాత చెప్పుకోవచ్చు, అదెక్కడికీ పారిపోదు. నోళ్లు కట్టేశారా? సరే. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం ఊడి కింద పడాలి. మీసం లేదంటారా? పోయినసారి కథకి ఊడిందిలెండి.

"వదులుతావా లేదా?"

"వదల్ను!"

వెల్డరు బడి ముందు నిలబడి కూతురి మీద అరుస్తున్నాడు. నాలుగేళ్ల బుడంకాయ తెరిచి ఉన్న గేటు ఊచల్ని పట్టుకుని వేలాడుతోంది. ఉడుం పట్టంటే విన్నారుగా? ఆ పట్టు చూస్తే ఉడుమే సిగ్గుపడి గోడ దిగిపోతుంది. బడిలో దానికి అదే మొదటి రోజు.

"ఏమయ్యా, బెల్లు కొట్టేలోపు పిల్ల క్లాసులో ఉండాలి!" పెద్ద మేడమ్ వరండాలోంచి కేకేసింది. "లేదంటే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తా. బయట ఎంతమంది కాచుక్కూర్చున్నారో చూశావుగా!"

"విన్నావా? నీ సీటు పోతుంది!"

"పోనీ! నాకు మన షెడ్డులో డబ్బా ఉంది కూర్చోడానికి."

వెల్డరుకి అసలే ముక్కు మీద కోపం. ఆ పూట అది ముక్కు దాటి చెవుల్లోకి పాకింది. చెవుల్లోంచి పొగ రావడం తన కళ్లతో చూశానని ఎదుటి టీ కొట్టువాడు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

"ముద్దు చేస్తే నెత్తికెక్కావు! అంతా మీ అమ్మ గారాబం!"

"అమ్మ కాదు, నువ్వే!"

నిజం కాబట్టి కోపం రెట్టింపయింది. బుడంకాయ ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపుకి టీ కొట్లో పాలు విరిగిపోయాయి. పక్క వీధిలో పడుకున్న కుక్క లేచి, ఎందుకైనా మంచిదని ఆ పై వీధికి మారిపోయింది. గేటు పక్కన స్టూలు మీద కూర్చున్న కాపలా తాత మాత్రం, ఇదంతా తనకి సంబంధం లేనట్టు చెవి గోక్కుంటున్నాడు.

వెల్డరుకి తిక్క రేగింది. పిల్ల నడుం రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, ఒక్క ఎత్తు ఎత్తాడు.

పిల్ల లేచింది. పిల్లతోపాటు గేటూ లేచింది.

ఆ గేటు చేసింది ఆయనే. స్తంభానికి నిలువుగా పొడుచుకొచ్చిన ఇనప ముళ్ల మీద గేటు కూర్చుంటుంది; అది పైకి లేవకుండా ముళ్ల మీద చిన్న బిళ్ల అతకాలి. 'నలుగురు మోసుకొచ్చిన గేటు, దీన్ని ఎత్తే మొనగాడెవడులే' అని ఆ బిళ్ల ఎగ్గొట్టాడు. ఆ మొనగాడు తనే అవుతాడని కలగన్నాడా?

పెద్ద మేడమ్ చెప్పులు టపటపలాడిస్తూ వచ్చింది. "ఇదా నువ్వు చేసిన గేటు? పసిపిల్ల పట్టుకుంటే ఊడొచ్చేదీ ఒక గేటేనా?"

"పిల్లకి కాదు మేడమ్, నాకు ఊడింది! నన్ను ఎన్నయినా అనండి, నా గేటుని అంటే మర్యాదగా ఉండదు!"

"మర్యాదా? ముందు దించు దాన్ని!"

"దించితే దీని కాళ్ల మీద పడుతుంది!"

"అయితే పిల్లని వదలమను!"

"అది వదిలితే నాకీ ఖర్మెందుకు!"

మేడమ్ పిల్ల వైపు తిరిగింది. "ఏం పాపా, ఆ గేటు నీ సొంతమా?"

"అవును! మా నాన్న చేశాడు. రంగు నేనేశా." బుడంకాయ ముక్కు ఎగబీల్చింది. "నాన్న వెళ్లిపోతాడు. గేటు వెళ్లదుగా."

వెల్డరు మొహం అటు తిప్పుకున్నాడు. గట్టిగా దగ్గి, "నోర్ముయ్!" అన్నాడు.

"మూయను! మొదటి రోజు ఇంట్లోంచి ఇష్టమైంది ఒకటి తెచ్చుకోమని మేడమే చెప్పిందిగా. అదిగో, ఆ అబ్బాయి దుప్పటి తెచ్చుకున్నాడు. నేను ఇది తెచ్చుకున్నా."

ఆ మాట మేడమ్ చెప్పిందే, ఇక ఎవరి మీద అరుస్తుంది? పళ్లు పటపట కొరికింది.

"చూస్తావేంటయ్యా, మొయ్యి లోపలికి!"

వెల్డరు మోశాడు. పిల్ల వేలాడుతుండగానే మోశాడు. క్లాసు గుమ్మంలో గేటు అడ్డంగా పట్టలేదు, నిలువుగా పట్టలేదు. ఏటవాలుగా తోస్తుంటే వేళ్లు చీరుకుపోయాయి. గుమ్మాన్ని తిట్టాడు, గేటుని తిట్టబోయి మనసొప్పక మళ్లీ గుమ్మాన్నే తిట్టాడు. చివరికి ఎలాగో లోపలికి దూర్చి, గోడకి చేరవేసి, తాడుతో కిటికీకి కట్టాడు. అంతవరకూ వరసగా కూర్చుని ఏడుస్తున్న పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. దుప్పటి అబ్బాయి తన దుప్పటిని గేటు మీద కప్పాడు. గుడారమయింది. ఏడ్చేవాళ్లంతా అందులో దూరారు.

బెల్లు కొట్టారు. బుడంకాయ క్లాసులోనే ఉంది. సీటు నిలిచింది.

"నాన్నా, సాయంత్రం దాకా దీన్ని కదపకు," ఊచల్లోంచి వేలు చూపించింది. "కదిపావా, మళ్లీ మొదలెడతా."

వెల్డరు చెమట తుడుచుకుంటూ, రుసరుసలాడుతూ బయటికి నడిచాడు. రెండు స్తంభాల మధ్య ఏమీ లేదు, వీధంతా బార్లా కనబడుతోంది. కాపలా తాత లేచి కర్ర అడ్డం పెట్టాడు.

"తప్పుకో తాతా, షెడ్డులో పనుంది."

"బెల్లయ్యాక నేను గేటు తీస్తేనే ఎవరైనా బయటికి పోవాలి."

"గేటెక్కడుంది నీ మొహం! అంతా ఖాళీయే కదా!"

"నేననేదీ అదే," తాత జేబులోంచి తాళంచెవి తీసి ఊపాడు. "లేని గేటు నేనెలా తియ్యను? సాయంత్రం అదొచ్చాక తీస్తా, అందాకా ఏడవకుండా పోయి క్లాసులో కూర్చో."