మ్యూజియంలో పదును

మిషన్లే దున్ని మిషన్లే కోసే రోజుల్లో వన్నూరప్ప ఒక్కడే ఎద్దులతో సేద్యం చేసేవాడు. ఆ వింత చూడ్డానికి జనం బస్సులు కట్టుకుని రాసాగారు. ఊరివాళ్లు కమిటీ వేసుకుని, ఆయన రెండెకరాల చుట్టూ కంచె నాటి, 'పల్లె బతుకు మ్యూజియం' అని బోర్డు పెట్టారు. ఆయన్ను అడిగారు కూడా, బోర్డు పెట్టాక.

బుధవారం మంచి వాన పడింది. మర్నాడు వన్నూరప్ప పిడికెడు తడిమట్టి పిసికి చూసి, మట్టి ముట్టి ఎరగని కమిటీ కార్యదర్శి శివలీల దగ్గరికి అనుమతి కోసం పరుగెత్తాడు.

"అమ్మా, నేల మంచి పదునుమీదుంది. ఇయ్యాల శెనక్కాయ ఇత్తకుంటే ఈ ఏడు పంట లేనట్టే."

"చూసేటోళ్లు వచ్చేది ఆదివారం కదా పెద్దాయనా. ఇయ్యాల దున్ని ఎవరికి చూపించాల?"

"ఆదివారానికి పదును పోతాది తల్లీ!"

"పోనీలే, ఆ పదును సంగతి నేను చూసుకుంటా."

ఆదివారానికి నేల ఎండి రాయిలా బిగిసింది. శివలీల మాట తప్పే మనిషి కాదు. నాగలి కర్రుకు సానపట్టించి తెచ్చింది.

"చూడు పెద్దాయనా, ఎంత పదునో! ముట్టుకుంటే వేలు తెగుతాది."

వన్నూరప్ప గట్టుమీద కూర్చుని, ఆ కర్రుతో తాపీగా గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

పాతకాలపు సేద్యం ఇలాగే మొదలయ్యేది కాబోలనుకుని, కంచె బయటి జనమంతా చప్పట్లు కొట్టారు.