ఆపరేటరమ్మ చెప్పని మాట

“కుర్చీ అక్కడ కాదమ్మాయ్. తలుపుకి అడ్డంగా ఉండాలి. ఆయన ఎప్పుడూ అక్కడే కూర్చునేది.”

కౌన్సెలరు పిల్ల కంప్యూటర్లో ఏదో నొక్కింది. ఆపరేటరమ్మ కళ్లకు తగిలించుకున్న నల్లటి అద్దాల పెట్టెలో కుర్చీ పక్కకు జరిగింది. ఇప్పుడది అచ్చం తన ముందుగదే. అదే క్యాలెండరు, అదే కిటికీ, పెచ్చులూడిన అదే గోడ. కూతురు పంపిన ఫొటోలు చూసి ఈ పిల్ల ఇల్లంతా అద్దాల్లోకి దించేసింది. ఇల్లు దించితే దించింది, మనిషిని కూడా దించింది. మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని, ఆయన.

ఆపరేటరమ్మ గుండె దడదడలాడింది.

అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరందరి మాటలూ కలిపిన మనిషి. అలాంటిది అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఈయన ముందు ఒక్క మాట చెప్పడానికి ఆరు వారాలుగా గొంతు పెగలక అవస్థ పడుతోంది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టుంది వ్యవహారం.

చెప్పాల్సింది కొండంత ఏమీ కాదు. “మీరు లేకుండా నేను బతకగలను. అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను.” అంతే.

కూతురింట్లో ఆమె కోసం గది సిద్ధమై పదకొండు నెలలైంది. “వచ్చెయ్యమ్మా, ఆ ఇంట్లో ఇంకా ఏముందని,” అని ఆ పిల్ల ఫోన్లో రోజూ ఏడుస్తుంది. ఆపరేటరమ్మ రెండుసార్లు పెట్టె సర్దుకుంది. రెండుసార్లూ గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నలభై నాలుగేళ్లలో ఆయనకు చెప్పకుండా ఆ గడప దాటి ఎరగదు.

కంటికి నిద్ర కరువైంది. తిండి సయించడం మానేసింది. ఎవరితో చెప్పుకోబోయినా, “మీ ఆయన దేవుడులాంటి మనిషి,” అని మొదలెడతారు. ఇంకేం చెప్పుకుంటుంది? చివరికి కూతురే ఈ అద్దాల వైద్యం వెతికి పట్టుకుంది.

“దడ పదికి ఎంతుందమ్మా?” అడిగింది కౌన్సెలరు.

“తొమ్మిది.”

“మొదటి రోజు పది అని, అద్దాలు పీకి అవతల పారేశారు. ఇవాళ ఆఖరి సిట్టింగు. ఆయన్ని మాట్లాడించనా?”

ఆపరేటరమ్మ చెంగు నడుముకి దోపుకుంది.

“మాట్లాడించు.”

పేపరు కిందికి దిగింది. “ఎక్కడికి?” అన్నాడాయన.

పెళ్లిరోజు వీడియోలోంచి తీసిన గొంతు. యంత్రం పలికించినా ఆ గొంతు ఆ గొంతే. “మీరు...” అని ఆగిపోయింది.

“ఇక్కడ ఎన్నిసార్లు తడబడినా ఏం కాదమ్మా. మళ్లీ మొదలెట్టొచ్చు,” అంది కౌన్సెలరు.

మూడుసార్లు తడబడింది. నాలుగోసారి కుర్చీ పక్కగా ఒక అడుగు వేసింది.

“మీరు లేకుండా నేను బతకగలను,” అంది. ఈసారి మాట మధ్యలో తెగలేదు. “అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను. చెప్పకుండా వెళ్లానని అనుకోవద్దు.”

ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు. ఎదురు మాట అనని ఆయన ఆమెకు కొత్త.

అద్దాలు తీసేసరికి కౌన్సెలరు పిల్ల కళ్లు తుడుచుకుంటోంది.

“ఇప్పుడెంత?”

“నాలుగు,” అంది. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. “మూడు వేసుకోలే.”

“ఇంక మీరు వెళ్లగలరమ్మా.”

ఆపరేటరమ్మ మొహం కడుక్కుంది. జుట్టు సవరించుకుంది. ఆ రెండు ముక్కలూ లోలోపల మరోసారి అనుకుని, గది తలుపు తీసింది.

“మోకాళ్ల నొప్పికి ఇంతసేపా చూసేది?” అంటూ ఎదురుగా బెంచీ మీంచి లేచాడు ఆమె మొగుడు.